నీతి కోసం వదిలిన నాలుగు గీతలు

పోయిన మార్గశిరంలో రెండు వందల పేజీల నోటు పుస్తకం ఒకటి కొన్నాను. బెంగళూరులో ఉన్న మా అమ్మాయికి అప్పుడు ఏడో నెల. "నువ్వు చెబుతుంటావే, మన ఇంటి కథలు, నాకు ఒక్కటీ సరిగ్గా రాదమ్మా. రాసిపెట్టు, బిడ్డకు చెప్పుకుంటాను" అంది. ముప్పై నాలుగేళ్లు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి విరమించిన మనిషిని. ఇంతకన్నా సులువైన పని నాకు ఎవరూ ఎప్పుడూ అప్పజెప్పలేదనుకున్నాను. కథకు రెండు పేజీల చొప్పున కేటాయించాను. రెండో పేజీ అడుగున స్కేలు పెట్టి నాలుగు గీతలు గీసి, పక్కన ఎర్ర సిరాతో 'నీతి' అని రాసుకున్నాను. పాఠ్యపుస్తకాలతో బతికిన చెయ్యి మరి.

కథలు సిద్ధంగానే ఉన్నాయి. తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. మా నాన్న అలిపిరి మెట్లు ఎక్కడా ఆగకుండా ఎక్కిన కథ పరీక్షల ముందు చెప్పేదాన్ని. ఇంటికి వచ్చినవాళ్లందరికీ పెట్టి నానమ్మ పస్తు పడుకున్న కథ, గంగమ్మ జాతరలో కొడుకు తిట్టినా నాన్న నవ్వి ఊరుకున్న కథ సందర్భాన్ని బట్టి వచ్చేవి. అమ్మ నా చదువు కోసం నవ్వుతూ గాజులు తీసి ఇచ్చిన కథ మాత్రం ఏడాదికి ఒక్కసారే చెప్పేదాన్ని. అది చెబుతుంటే వెనక బెంచీ పిల్లలు కూడా కిక్కురుమనేవాళ్లు కాదు. పేర్లూ తేదీలూ సరిచూసుకోవడానికి అమ్మను నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు, సంక్రాంతికి ముందే పుస్తకం ముగించవచ్చని నా లెక్క.

అమ్మకు ఎనభై రెండేళ్లు. చెవులు బాగానే పనిచేస్తాయి, జ్ఞాపకం నాకన్నా బాగా పనిచేస్తుంది. మొదటి రోజు ఫోను ఎదురుగా పెట్టి రికార్డు చేస్తున్నానని చెప్పాను. కొంగు సర్దుకుంది. గొంతు సవరించుకుంది. "మా కాలంలో పెద్దలంటే గౌరవం ఉండేది" అని మొదలుపెట్టి పావుగంట ఆకాశవాణి ప్రసంగంలా నడిపించింది. తర్వాత విని చూస్తే అందులో ఒక్క మనిషి లేడు, ఒక్క ఊరు పేరు లేదు. మరునాడు అంతకన్నా పెద్ద పొరపాటు చేశాను. "అమ్మా, జీవితంలో నువ్వు నేర్చుకున్నది ఏమిటి?" అని అడిగాను.

"నేర్చుకోవడానికి తీరిక ఎక్కడిది? తెల్లారితే నీళ్లు పట్టుకోవాలి" అని లేచి వెళ్లిపోయింది.

దారి చూపించింది అనపకాయలు. చిత్తూరు వైపు చలికాలమంటే అనపకాయల కాలం. సంతలో గోనెసంచుల కొద్దీ దిగుతాయి. మంచుకు తడిసిన కాయకే వాసన ఉంటుందని అమ్మ పట్టు, ఆ వాసన సాయంత్రం దాకా వేళ్లను వదలదు. కాయలు ఒలిచి, గింజలను రాత్రంతా నానబెట్టి, మరునాడు ఒక్కో గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే తోలు చేతిలో మిగిలి పప్పు గిన్నెలోకి దూకుతుంది. అదే పితికిపప్పు. రాగిసంగటిలోకి దాని కూరే కూర. రెండు గ్లాసుల పప్పు పితికేసరికి ఇద్దరు మనుషులకు గంటన్నర పడుతుంది. ఆ గంటన్నరలో చేతులకు పని ఉంటుంది, కళ్లు గిన్నె మీద ఉంటాయి. ఎదుటి మనిషి ముఖం చూడనక్కర్లేదు కాబట్టి నోరు తనంతట తాను కదులుతుంది.

ఫోను లోపల పెట్టేశాను. పాత క్యాలెండరు కాగితం వెనక పెన్సిలుతో రెండు ముక్కలు గీకి, రాత్రి కూర్చొని పుస్తకంలో విడమరిచి రాసుకునేదాన్ని. అడిగే తీరు కూడా మార్చుకున్నాను. "ఎలా అనిపించింది?" అంటే అమ్మ దగ్గర జవాబు ఉండదు. "అప్పుడు ఆ గదిలో ఇంకెవరున్నారు?" అంటే ఇల్లంతా కదిలివస్తుంది. సంవత్సరం అడిగితే "ఏమో" అంటుంది. "స్కైలాబ్ ముందా, తర్వాతా?" అంటే తడుముకోదు. 1979లో ఆ అంతరిక్ష కేంద్రం నెత్తిన పడుతుందని ఊళ్లకు ఊళ్లు హడలిపోయి, ఎలాగూ పోతాం కదా అని కోళ్లు కోసుకు తిన్న రోజులవి. 1980 ఫిబ్రవరి సూర్యగ్రహణం ఇంకో గుర్తు. తిరుమలకు రెండో ఘాట్ రోడ్డు పడిన 1974 మరో గుర్తు. ఈ మూడు మేకులకు మా ఇంటి చరిత్ర అంతా తగిలించవచ్చని తెలిసింది. ఈమధ్య జరిగినవే అమ్మకు లెక్కలోకి రావు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయిందని చెబితే "నన్ను అడిగారా?" అంటుంది. ఆమె తిరుపతి ఇంకా చిత్తూరు జిల్లాలోనే ఉంది.

అలా పితుకుతూ మొదటి కథ కదిపాను.

"అలిపిరి మెట్ల మీద నాన్న ఎక్కడా ఆగలేదు కదమ్మా?"

"ఆగడానికి ఎక్కితే కదా."

నేను గిన్నె పక్కన పెట్టాను. ఆమె పెట్టలేదు.

నాకు పదకొండేళ్లప్పుడు మా ఇంటి మొక్కు ఒకటి తీర్చడానికి నలుగురం నడిచి కొండకు వెళ్లాం. అన్నయ్యా నేనూ ముందు పరుగెత్తాం. మొత్తం 3550 మెట్లు. "లెక్కపెట్టకు, కాళ్లు చూసుకొని నడువు" అని నాన్న చెప్పిన మాట నా చెవిలో ఇప్పటికీ ఉంది. పదో తరగతి పిల్లలకు ఏటా ఆ మాట పట్టుకొని ఒక ఉపన్యాసమే ఇచ్చేదాన్ని. అమ్మ చెప్పిన ప్రకారం ఆ మాట అన్నది గాలిగోపురం దగ్గర మజ్జిగ అమ్మే ఒకావిడ. నేను పైకి చూసి మెట్లు లెక్కపెడుతూ ఆవిడ కుండకు తగలబోతే కసిరిందట. నాన్న అప్పటికి పిక్క పట్టేసి గోపురం నీడలో కూలబడ్డారు. అమ్మ కాలు రుద్దింది. కాసేపటికి లేచి, "కొత్త రోడ్డు వేసింది మనుషులు పోవడానికే కదా" అని వెనక్కి దిగి, అలిపిరిలో బస్సెక్కి మాకన్నా ముందే కొండపై ఉన్నారు.

నడిచి వెళ్లినవాళ్లకు ఇందులోని తమాషా తెలుస్తుంది. నిటారు ఎక్కుడంతా అలిపిరి నుంచి గాలిగోపురం దాకే. ఆ తర్వాత చాలా దూరం హాయిగా నడవవచ్చు, మళ్లీ మోకాళ్ల పర్వతం దగ్గరే ప్రాణం మీదికి వస్తుంది. అంటే నాన్న కష్టమంతా పడి, సుఖం మొదలయ్యే చోట నుంచి దిగిపోయారన్నమాట.

నేను నమ్మలేదు. కొండ మీద నలుగురం నిలబడి తీయించుకున్న ఫొటో ఉంది కదా అన్నాను. ఆ ఫొటో వెతకడమూ ఒక ప్రయాస. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులైనప్పుడు మా ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. అవతల రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని చుట్టుపక్కల పల్లెలను ఖాళీ చేయిస్తుంటే, మేము మంచాల మీద బియ్యం బస్తాలు పెట్టుకొని కూర్చున్నాం. బీరువా కింది అరలోని ఆల్బం సంగతి మూడో రోజు గాని ఎవరికీ గుర్తు రాలేదు. అంటుకుపోయిన ఫొటోలను ఆత్రంగా లాగి ఐదారు నేనే చింపేశాను. తర్వాత తెలిసినవాళ్లు చెబితే మిగతావాటిని మంచినీళ్ల పళ్లెంలో నాననిచ్చి, వాటంతట అవే విడిపోయాక పాత పంచె మీద ఆరబెట్టాం. రంగుల ఫొటోలు చాలావరకు కారిపోయాయి. నలుపు తెలుపువి గట్టివి, నిలిచాయి. కొండ మీది ఫొటో వాటిలో ఉంది.

భూతద్దం పెట్టి చూశాను. అన్నయ్య, అమ్మ, నేను, ముగ్గురివీ వట్టి కాళ్లు, దుమ్ము కొట్టుకొని ఉన్నాయి. నాన్న కాళ్లకు చెప్పులున్నాయి. మేమందరం అలిపిరిలో పూలకొట్టు దగ్గర చెప్పులు వదిలాం. వెనక్కి వెళ్లినవారే కదా వేసుకోగలరు. యాభై ఏళ్లుగా ఆ ఫొటో చూస్తున్నాను, ఒక్కసారి కూడా కాళ్ల వైపు చూడలేదు. అమ్మ పడీపడీ నవ్వింది. నాకు మాత్రం ముందు ఉక్రోషం వచ్చింది, తర్వాత, నిజం చెప్పాలంటే, నాన్న మీద ఇంతకుముందు లేని ప్రేమ ఏదో పుట్టింది. గాంధీ రోడ్డులో ఇత్తడి పాత్రల కొట్టులో రోజంతా నిలబడే గుమస్తా ఆయన. దొరికిన ఒక్క సెలవు రోజున కాళ్లు మొరాయించాయి.

నానమ్మ త్యాగం కథ చిత్తూరులో తేలిపోయింది. ఆ సంగతి తెలిసినది మేనత్త ఒక్కతే, ఆమె చిత్తూరులో కొడుకు దగ్గర ఉంటోంది. బస్సెక్కి వెళ్లాను. తిరుపతిలో ఇల్లున్నవాళ్లకు బంధువుల కొరత ఉండదని వేరే చెప్పాలా? బ్రహ్మోత్సవాలప్పుడు, అందులోనూ గరుడ సేవ రోజున, మా రెండు గదుల ఇంట్లో పాతికమంది దాకా దిగేవారు. వరండాలో చాపలు పరిచి వాళ్లను పడుకోబెట్టేవాళ్లం. నానమ్మ పంక్తి తర్వాత పంక్తికి వడ్డించి, చివర్లో "నాకు ఆకలి లేదు" అని నీళ్లు తాగి పడుకునేది. ఇది నా కళ్లతో చూసిందే.

అత్త దంతాలు లేని నోటితో నవ్వింది. "ఆకలి ఎందుకుంటుంది? మొదటి ఆకు వేయకముందే వంటింటి వెనక కూర్చొని రెండు సంగటి ముద్దలు తినేది మా అమ్మ. వండేవాళ్లు ముందు తినాలే, లేకపోతే వడ్డించేటప్పుడు చేతికి కోపం వస్తుంది అనేది. నన్నూ తినమనేది. మీ అమ్మకు చెప్పలేదేమో, కోడలు కదా."

తిరిగి వచ్చి అమ్మకు చెబితే చాలాసేపు పితకడం ఆపేసింది. పెళ్లయిన నాటి నుంచి పండగలకు, తద్దినాలకు, బ్రహ్మోత్సవాలకు అత్తగారిని చూసి తానూ అందరూ తిన్నాకే తినేదట. "నాకు ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయింది ఆవిడకు" అంది. ఆ రోజు ఇంకే కథా సాగలేదు.

అన్నయ్య కథకు వచ్చేసరికి ఎర్ర సిరా పెన్నును సొరుగులో పడేశాను. తాతయ్యగుంట గంగమ్మ జాతర తెలియనివాళ్లకు ఒక మాట. మే నెలలో వారం రోజులు ఊరంతా వేషాలు వేస్తుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, ఆ తర్వాత మగవాళ్లు చీరలు కట్టి మాతంగి వేషం. వేషంలో ఉన్నవాడు ఎవరిని ఏ బూతు తిట్టినా తప్పు పట్టరు, అమ్మవారి నోటి మాటగా తీసుకుంటారు. వెంకన్న చెల్లెలి జాతర కాబట్టి కొండ నుంచి సారె వస్తుంది. స్కైలాబ్ ఏడాదే, అన్నయ్య ఒంటినిండా కుంకుమ పూసుకొని బండ వేషంలో నాన్న పనిచేసే కొట్టు ముందుకు వచ్చి, ఒకరి ముందు చేతులు కట్టుకు నిలబడే బతుకూ ఒక బతుకేనా అన్న అర్థం వచ్చేలా, అంతకన్నా చాలా పచ్చిగా తిట్టాడు. నాన్న నవ్వి, చేతులు జోడించి, రూపాయి బిళ్ల వేశారు. నేను పక్కనే ఉన్నాను.

ఆదివారం అన్నయ్య వస్తే అతని ముందూ ఒక జల్లెడ పెట్టాం. అరవై నాలుగేళ్ల మనిషి, వేళ్లు లావు, సగం గింజలు నలిపేస్తాడు. సంగతి అడిగాను.

"కుంకుమ చెమటతో కలిసి కళ్లలో పడి మండుతోంది. ఎదురుగా ఎవరున్నారో కనబడితే కదా. కొట్టు యజమాని గల్లా దగ్గర ఉంటాడని తెలుసు, ఆయన్ను తిట్టాలనే వెళ్లాను. నాన్న జీతం ఆ నెల సగమే ఇచ్చాడు. చేతిలో రూపాయి పడ్డాక వేళ్లను బట్టి తెలిసింది, ఎదురుగా ఉన్నది నాన్న అని."

"మరి ఇంటికి వచ్చి చెప్పలేదా?"

"ఆయన అడగలేదు."

"ముప్పై ఏళ్లు ఉన్నారు కదా అన్నయ్యా ఆ తర్వాత."

"ఆయన అడగలేదు, నేను చెప్పలేదు" అని, కాసేపాగి, "రాసుకో. బిడ్డకు పదేళ్లు వచ్చాక చదవమను" అన్నాడు. నలిగిన గింజలను వేరే గిన్నెలోకి తీసి చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు. కుళాయి చాలాసేపు పారింది.

దీని కింద 'సహనం' అని ఎవరి పేరు మీద రాయను? నవ్విన మనిషి ఆ నవ్వు వెనక ఏమి పెట్టుకున్నారో చెప్పకుండానే పోయారు. కథను అన్నయ్య మాటల్లో ఒకసారి, నేను చూసినట్టుగా ఒకసారి, రెండూ పక్కపక్కనే రాశాను. ఇద్దరు చెప్పినవి కలిపి ఒకటి చేయకూడదన్న నియమం ఆ రోజు పెట్టుకున్నదే. కలిపితే వాక్యాలు నున్నగా వస్తాయి, మనుషులు ఎగిరిపోతారు.

ఇక గాజుల కథ. దాని గురించి అమ్మను అడగలేదు. అడగవలసిన అవసరం కనబడలేదు, అన్నిటికన్నా బాగా తెలిసిన కథ అదే. ముందే రాసేసి, భోగి ముందు రోజు మధ్యాహ్నం చదివి వినిపించాను. నాకు బీఈడీలో సీటు వచ్చింది. ఫీజుకూ హాస్టలుకూ డబ్బు లేదు. అమ్మ నవ్వుతూ చేతి గాజులు రెండూ తీసి నాన్న చేతిలో పెట్టింది. తులం రెండు వేల పైచిలుకు ఉన్న కాలం. అక్కడిదాకా చదివాను.

"నవ్వుతూ అని రాశావా?"

"అవునమ్మా."

"నేను నవ్వలేదు."

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయేమో చూడమన్నట్టు, అంత మామూలుగా చెప్పింది. "రెండు రోజులు గోడ వైపు తిరిగి పడుకున్నాను. నీకు జ్వరమని చెప్పారు మీ నాన్న. నువ్వు మిరియాల కషాయం కాచి ఇచ్చావు కూడా."

కషాయం గుర్తుంది. గాజుల కథలో దాన్ని నేను ఎప్పుడూ చేర్చలేదు. అది వేరే జ్ఞాపకం, 'అమ్మకు జ్వరం వచ్చినప్పుడు నేను వంట చేసిన రోజు' అనే వేరే అరలో ఉంది. రెండూ ఒకే రోజువని నాకు తెలియదు.

"అవి మా నాన్న వేరుశనగ పంట అమ్మి చేయించినవి. అవి పోయాక మా ఊరి నుంచి తెచ్చుకున్నది ఒక్కటీ నా ఒంటి మీద మిగల్లేదు."

"మరి ఎందుకు ఇచ్చావు?"

"ఇవ్వాల్సి వచ్చింది, ఇచ్చాను. ఇష్టంగా ఇచ్చానని ఎవరన్నారు?" గింజ పితికింది. "తర్వాత నువ్వు మొదటి జీతంతో చేయించావు కదా, అవి వేరే గాజులు. బాగున్నాయిలే."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అమ్మ ఏడ్చినందుకు కాదు, లేదా అందుకు మాత్రమే కాదు. నా తరగతుల్లో కూర్చున్న ఆడపిల్లలు వరసగా కళ్ల ముందు మెదిలారు. ఏటా ఆ కథ విని ఇంటికి వెళ్లి, తమ అమ్మలు ఏదైనా వదులుకునేటప్పుడు నవ్వుతారా లేదా అని చూసి ఉంటారు. నవ్వని అమ్మలు తక్కువైపోయి ఉంటారు. తాము అమ్మలయ్యాక వీళ్లూ నవ్వడానికి ప్రయత్నించి ఉంటారు, అందరూ తిన్నాకే తిన్న మా అమ్మలాగే. నవ్వు నేను కలిపినదే. ఎప్పుడు కలిపానో ఎంత ఆలోచించినా తట్టలేదు. బహుశా కలపకపోతే ఆ చదువు నేను చదవలేకపోయేదాన్నేమో.

కనుమ మరునాడు ఆ రెండు పేజీలూ చింపి మళ్లీ రాశాను. గోడ, కషాయం, వేరుశనగ పంట, అన్నీ పెట్టాను. అమ్మకు చదివి వినిపిస్తే మధ్యలో ఒక్కచోటే ఆపింది. "తాతయ్య పంట అమ్మింది చిత్తూరు మండీలో కాదు, దళారి ఇంటికే వచ్చి తూకం వేసుకుపోయాడు" అని దిద్దింది.

చివరికి పుస్తకంలో పంతొమ్మిది కథలు తేలాయి. అనుకున్న సంక్రాంతి దాటి మాఘం వచ్చింది, సంతలో అనపకాయలు పలచబడ్డాయి. బెంగళూరుకు పంపే ముందు అమ్మ పుస్తకం చేతిలోకి తీసుకుని పేజీలు తిప్పింది. చదవలేదు, కళ్లద్దాలు లేవు.

"ప్రతి దాని కిందా ఇంత కాగితం ఎందుకు వదిలేశావు?"

ఏదో రాద్దామనుకున్నానని చెప్పాను.

"కాగితం పారేసుకుంటారా ఎవరైనా? పితికిపప్పు కూర రాయి. బెంగళూరులో కాయలు దొరుకుతాయి, చేసే విధం తెలియక కుక్కరులో పెట్టి చెడగొడుతుంది."

ఎర్ర సిరా 'నీతి' మీద అడ్డగీత పెట్టి రాయడం మొదలుపెట్టాను. కొండ కథ కింద, గింజలు ముందు రోజు రాత్రే నానబెట్టాలని. నానమ్మ కథ కింద, రెండు గ్లాసుల పప్పుకు ఆరు ఎండుమిరపకాయలు, రెండు చెంచాల ధనియాలు, చిన్న దాల్చినచెక్క, మూడు లవంగాలు, చెంచాడు గసగసాలు, అరచిప్ప కొబ్బరి. అన్నయ్య కథ కింద, వెల్లుల్లితో పాటు ఉల్లిపాయ ఎర్రగా వేగేదాకా మసాలా వేయకూడదని. అలా ఒక్కొక్క కథ అడుగునా ఒక్కొక్క ముక్క చెబుతూ, గాజుల కథ దగ్గరికి వచ్చేసరికి కూర ఉడకడం దాకా వచ్చాం.

"ఉప్పు ఎంతమ్మా?"

"చూసుకొని వేసుకోమను" అంది.